ఆయుధం, సాక్ష్యం: స్పెయిన్ యుద్ధంలో ఆర్వెల్

కురుక్షేత్రంలో రెండు సేనలూ ఎదురెదురుగా నిలిచిన తరువాత, తన పక్షానికి రాదలచినవారు రావచ్చునని ధర్మరాజు పిలిచినాడు. ధృతరాష్ట్రుని కుమారుడైన యుయుత్సుడు ఒక్కడే ఆ పిలుపు విని, అన్నదమ్ములను విడిచి పాండవుల వైపు వచ్చినాడు. ఎవరూ అతనిని నిర్బంధించలేదు. న్యాయమని తోచిన పక్షాన నిలుచుటకు తానుగా వచ్చిన యోధుడతడు. అయితే ఆ యుద్ధాన్ని మనకు వినిపించినవాడు యుయుత్సుడు కాడు, సంజయుడు. ఒకడు పోరాడినాడు, మరియొకడు చూచి చెప్పినాడు. మన ఇతిహాసకర్త ఈ రెండు పనులనూ ఇద్దరికి పంచి ఇచ్చినాడు. ఇరువదవ శతాబ్దంలో స్పెయిన్ దేశపు అంతర్యుద్ధం ఈ రెండు బాధ్యతలనూ ఒకే మనిషి తలపై పెట్టినది. ఆ మనిషి జార్జ్ ఆర్వెల్. ఆ బాధ్యత నుండి పుట్టిన గ్రంథం 1938లో వెలువడిన ‘హోమేజ్ టు కాటలోనియా’. ఆ గ్రంథంలో యోధుని భాగం మాత్రమే సాహిత్యమనీ, సాక్షి భాగం కేవలం పత్రికారచన అనీ చాలామంది విమర్శకులు భావించినారు. ఈ అభిప్రాయం ఎంతవరకు నిలుచునో పరిశీలించుటయే ఈ వ్యాసం ఉద్దేశం.

1936 జూలైలో స్పెయిన్ రిపబ్లిక్ ప్రభుత్వంపై సైనికాధికారులు తిరుగుబాటు చేసినారు. కొద్ది నెలలలోనే జనరల్ ఫ్రాంకో ఆ పక్షానికి అధినేత అయినాడు. జర్మనీ, ఇటలీ అతనికి విమానాలను, సైనికులను పంపినవి. సోవియట్ యూనియన్ రిపబ్లిక్‌కు ఆయుధాలు అందించినది. బ్రిటన్, ఫ్రాన్స్ ప్రభుత్వాలు జోక్యరాహిత్యమనే విధానం చాటున నిలిచిపోయినవి. అప్పుడు ఏబదికి పైగా దేశాల నుండి సుమారు 35,000 మంది స్వచ్ఛందంగా వచ్చి, కమ్యూనిస్టు ఇంటర్నేషనల్ ఏర్పరచిన అంతర్జాతీయ దళాలలో చేరినారు. వారిలో రచయితలు పెక్కుమంది. రాల్ఫ్ ఫాక్స్, యువకవి జాన్ కార్న్‌ఫర్డ్ 1936 డిసెంబరులో మరణించినారు. మన అభ్యుదయ విమర్శకులు శ్రద్ధతో చదివిన ‘ఇల్యూజన్ అండ్ రియాలిటీ’ని వ్రాసిన క్రిస్టఫర్ కాడ్వెల్ 1937 ఫిబ్రవరిలో హరామా నదీతీరాన కూలిపోయినాడు, ఆ గ్రంథం అచ్చయి వచ్చుట అతడు చూడలేదు. మన దేశానికి చెందిన గోపాల ముకుంద హుద్దార్ మారుపేరుతో ఆ దళాలలో చేరి, శత్రువుకు చిక్కి, చెర నుండి విడుదలై స్వదేశానికి తిరిగి వచ్చినాడు. జవహర్‌లాల్ నెహ్రూ 1938లో బార్సిలోనాకు వెళ్లి బాంబుల నడుమ బ్రదుకుతున్న ఆ నగరాన్ని చూచి వచ్చినారు. కనుక ఈ యుద్ధం మనకు బొత్తిగా పరాయిది కాదు.

ఆర్వెల్ అసలు పేరు ఎరిక్ ఆర్థర్ బ్లెయిర్. అతడు 1903లో బీహారులోని మోతీహారిలో జన్మించినాడు. తండ్రి ప్రభుత్వ నల్లమందు శాఖలో ఉద్యోగి. 1922 నుండి 1927 వరకు బర్మాలో పోలీసు అధికారిగా పనిచేసి, సామ్రాజ్యపు పనిముట్టుగా ఉండుటకు మనసొప్పక ఆ కొలువును వదలినాడు. 1936 డిసెంబరు చివర స్పెయిన్‌కు బయలుదేరునాటికి అతనికి ముప్పది మూడేళ్లు. మొదట బ్రిటిష్ కమ్యూనిస్టు పక్ష కార్యదర్శి హ్యారీ పాలిట్‌ను సహాయం అడిగినాడు, పాలిట్ నిరాకరించినాడు. అందువలన ఇండిపెండెంట్ లేబర్ పార్టీ ఇచ్చిన పరిచయపత్రంతో బార్సిలోనా చేరి, ఆ పార్టీకి మిత్రపక్షమైన ‘పౌమ్’ అనే చిన్న మార్క్సిస్టు పక్షపు మిలీషియాలో చేరినాడు. స్టాలిన్ విధానాలను బాహాటంగా విమర్శించిన పక్షమది. ఈ చేరికలో సిద్ధాంతం కంటె యాదృచ్ఛికత ఎక్కువ. పరిచయపత్రం మరియొక చోటి నుండి లభించి ఉంటే అతడు మరియొక దళంలో ఉండేవాడు. బహుశా మనకు మరియొక గ్రంథం వచ్చేది.

స్వచ్ఛంద సైనికుని స్థితి ఎటువంటిదో గుర్తించుటకు ఒక పోలిక ఉపకరిస్తుంది. ముల్క్‌రాజ్ ఆనంద్ ‘అక్రాస్ ది బ్లాక్ వాటర్స్’ నవలలో పంజాబు రైతు కుమారుడైన లాలు మొదటి ప్రపంచ యుద్ధంలో సిపాయిగా ఫ్రాన్స్ కందకాలకు పోతాడు. ఆ యుద్ధం ఎందుకు జరుగుతున్నదో అతనికి తెలియదు. కోల్పోయిన భూమి, ఇంటి గౌరవం అతని మనసులో మెదలే విషయాలు. సముద్రాలు దాటి పరుల యుద్ధంలో పోరాడిన లక్షలాది భారతీయ సైనికుల కథ అది. లాలును ప్రశ్నించవలసినవాడు అతనిని పంపిన ప్రభువు. స్వచ్ఛంద సైనికుని పని అట్లు కాదు. అతనిని పంపినవాడు అతడే. తన రాకకు తానే జవాబుదారి. తాను పోరాడిన పక్షం అన్యాయం చేసినప్పుడు, ఆజ్ఞ పాటించితినని తప్పించుకొనే వీలు అతనికి లేదు. ఈ సూక్ష్మాన్ని పట్టుకొననిదే ఆర్వెల్ గ్రంథం నిర్మాణం మనకు బోధపడదు.

గ్రంథం పూర్వభాగం అరగాన్ యుద్ధరేఖలో గడచిన చలికాలాన్ని వర్ణిస్తుంది. మన లాక్షణికులు వీరరసానికి ఉత్సాహం స్థాయి అన్నారు. ఇక్కడ ఉత్సాహం ఉన్నది గాని, దానికి తగిన ఆలంబనం దొరకదు. శత్రువు ఎదుటి కొండమీద ఎక్కడో ఉన్నాడు. తుపాకి గుండుకు అందనంత దూరంలో ఉన్నాడు. సైనికునికి కావలసినవి మొదట కట్టెలు, తరువాత తిండి, పొగాకు, కొవ్వొత్తులు. శత్రువు మాట చిట్టచివరిది. అతనికి ఇచ్చిన జర్మన్ తుపాకి మీద 1896 అని ముద్ర ఉన్నది. చలి, మలమూత్రాల దుర్గంధం, బట్టల మడతలలో పొదిగే పేలు, నిద్రలేమి: వీటిని ఆర్వెల్ ఎక్కడా ఘనంగా చెప్పడు, ఎక్కడా దాచడు. వీరం హాస్యంలోనికి, హాస్యం కరుణంలోనికి తెలియకుండా జారిపోవుట ఈ పుటలలోని ప్రధాన గుణం.

అయినప్పటికీ ఆ మురికిలోనే అతనికి ఒక అపూర్వమైన అనుభవం లభించినది. ఆ మిలీషియాలో సేనాధిపతి మొదలు సామాన్య సైనికుని వరకు అందరికీ ఒకే జీతం, ఒకే తిండి, ఒకే బట్ట. సలాములు లేవు. ఆజ్ఞను పాటించవలసినదే గాని, దానిని ఒక సహచరుడు మరియొక సహచరునికి చెప్పిన మాటగా పాటించేవారు. బర్మాలో దొరతనం చేసి విసిగిన మనిషికి ఇది మరియొక లోకం వలె తోచినది. సమసమాజం సాధ్యమని పుస్తకాలు చదివి నమ్మినవారు చాలామంది ఉన్నారు. కందకంలో కొన్ని వారాలపాటు దానిని శ్వాసించి నమ్మినవాడు ఆర్వెల్. ఈ నమ్మకం అతనిలో స్థిరపడినందుననే తరువాత జరిగిన ద్రోహం అతనిని అంతగా కలచివేసినది.

పూర్వభాగంలో ఒక చిన్న ఘట్టం ఉన్నది. చాలామంది పాఠకులు నవ్వుకొని ముందుకు పోతారు. రాత్రివేళ మిలీషియావారు ఎదుటి కందకంలోనివారిని తమ వైపు రమ్మని కేకలు వేసేవారు. ఒక సైనికుడు మాత్రం రాజకీయ నినాదాలు మానివేసి, తాము తింటున్న వెన్న పూసిన వేడి రొట్టెలను వర్ణించేవాడు. అతడు కూడా వారాల తరబడి వెన్న ముఖం చూడలేదు. అది అబద్ధమని తెలిసి కూడా వినే ఆర్వెల్‌కు నోరూరినది. ఆ చలిలో, ఆ ఆకలిలో పుట్టిన అబద్ధం అమాయకమైనది. దానిని చెప్పినవాడు కూడా అదే కందకంలో ఆకలితో ఉన్నాడు; విన్నవాడు దానిని నమ్మి పారిపోయి వచ్చినా ప్రాణం దక్కించుకుంటాడు. ఉత్తరభాగంలో మనకు మరియొక జాతి అబద్ధం ఎదురవుతుంది. అది యుద్ధరేఖకు వందల మైళ్ల దూరంలో, వెచ్చని గదులలో, పత్రికల మీద పుట్టినది. దాని ఫలితం నిర్దోషుల చెర, మరణం. ఈ రెండింటినీ ఎదురెదురుగా నిలుపకుంటే గ్రంథంలోని నీతి అర్థం కాదు.

1937 ఏప్రిల్ చివర ఆర్వెల్ సెలవుమీద బార్సిలోనాకు వచ్చినాడు. డిసెంబరులో అతడు చూచిన సమత అప్పటికే నగరం నుండి జారిపోతున్నది. మే 3వ తేదీన ప్రభుత్వ పోలీసులు, అరాచకవాదుల కార్మిక సంఘం చేతిలో ఉన్న టెలిఫోన్ భవనాన్ని స్వాధీనం చేసుకొనుటకు ప్రయత్నించినారు. వీధులలో కాల్పులు మొదలైనవి. ఆర్వెల్ కొన్ని రోజులు ఒక సినిమాశాల పైకప్పు మీద తుపాకితో కాపలా కూర్చుండి, ఎక్కువ భాగం పుస్తకాలు చదువుతూ గడపినాడు. ఎదుటి కాఫీ హోటలులో ఉన్న ప్రభుత్వ దళంవారూ, వీరూ ఒకరినొకరు కాల్చరాదని మాటలతో ఒప్పందం చేసుకున్నారు. వీధిలో ఇంత మానవత్వం మిగిలి ఉండగా, పత్రికలు మాత్రం ఈ సంఘర్షణను ఫ్రాంకో కోసం పౌమ్ పక్షం జరిపిన కుట్రగా చిత్రించినవి. జూన్ 16న ఆ పక్షాన్ని నిషేధించినారు. దాని నాయకుడైన ఆండ్రేవు నిన్‌ను నిర్బంధించి, రహస్యంగా చంపినారు. ఆర్వెల్ సహచరుడు బాబ్ స్మైలీ వలెన్సియా చెరలో మరణించినాడు. రచయిత దళనాయకుడైన జార్జ్ కోప్‌ను జైలులో వేసినారు.

ఇంతలో ఆర్వెల్ మళ్లీ యుద్ధరేఖకు పోయి, మే 20వ తేదీ వేకువన గొంతులో తుపాకి గుండు తగిలి పడిపోయినాడు. ప్రధాన రక్తనాళం వెంట్రుకవాసిలో తప్పినది. ఈ ఘట్టాన్ని అతడు వ్రాసిన తీరు యుద్ధసాహిత్యంలో అరుదైనది. మొదట భార్య గుర్తుకు వచ్చినదనీ, తరువాత ఈ లోకాన్ని వదలి పోవలసి వచ్చినందుకు కోపం కలిగినదనీ చెబుతాడు. మెడలో గుండు దూసుకుపోయి బ్రదికినవాడు మహా అదృష్టవంతుడని వైద్యులు అన్నప్పుడు, అసలు తగలకుండా ఉంటే ఇంకా అదృష్టం గదా అని అతనికి తోచినది. స్వరం కోల్పోయి, కాగితాలు సరిచేసుకొని బార్సిలోనాకు తిరిగి వచ్చేసరికి, ఏ పక్షాన గాయపడినాడో ఆ పక్షపు ప్రభుత్వమే అతనిని వెదుకుతున్నది. రాత్రులు శిథిలాలలో పడుకొని, పగలు విహారానికి వచ్చిన ఆంగ్లేయునివలె తిరిగి, జూన్ 23న భార్యతో కూడ రైలెక్కి ఫ్రాన్స్ చేరినాడు.

ఈ గ్రంథానికి రెండు కరచాలనాలు ఆదిలోను తుదిలోను స్తంభాలవలె నిలిచి ఉన్నవి. మొదటి పుటలో, బారకాసులో ఒక ఇటాలియన్ సైనికుడు కనబడతాడు. భాష తెలియదు, పేరు తెలియదు. ఒక్కసారి చేయి కలిపి వెళ్లిపోతాడు. తుది అధ్యాయాలలో, జైలులోని కోప్‌కు ఉపకరించే ఒక పత్రం కోసం ఆర్వెల్ సైనిక కార్యాలయానికి పోతాడు. తాను నిషిద్ధమైన దళానికి చెందినవాడనని చెప్పక తప్పలేదు. ఆ పత్రాన్ని పోలీసుల నుండి విడిపించి తెచ్చిన చిన్న అధికారి, అందరూ చూస్తూ ఉండగా, ఒక క్షణం తటపటాయించి, చేయి చాచినాడు. మొదటి కరచాలనం ఉత్సాహానికి చిహ్నం. దానికి వెల లేదు. రెండవదానికి ఆ అధికారి తన ఉద్యోగాన్ని, బహుశా ప్రాణాన్నీ పణంగా పెట్టినాడు. ఆ వెల ఎంతయో పాఠకునికి తెలియాలంటే పత్రికలు ఏమి వ్రాసినవో, ఏ నేరం మోపబడినదో ముందుగా తెలియాలి. ఆ సంగతి చెప్పేవి రాజకీయాధ్యాయాలే.

ఇక ఆ అధ్యాయాల చరిత్ర. తొలి ముద్రణలో పదునాలుగు అధ్యాయాలు ఉన్నవి. వానిలో ఐదవది రిపబ్లిక్ పక్షంలోని పార్టీల తగాదాలను వివరిస్తుంది. పదునొకండవది మే సంఘటనలపై పత్రికలు వ్రాసిన వ్రాతలను ఉదాహరించి ఒక్కొక్కటిగా ఖండిస్తుంది. ఆర్వెల్ పుస్తకాలను అంతవరకు ప్రచురించిన విక్టర్ గొలాంజ్ ఈ గ్రంథాన్ని స్వీకరించలేదు. సెకర్ అండ్ వార్‌బర్గ్ సంస్థ 1,500 ప్రతులు అచ్చువేయగా, 1950లో రచయిత మరణించునాటికి అవి కూడా పూర్తిగా అమ్ముడుపోలేదు. ఆ రెండు అధ్యాయాలనూ గ్రంథం చివరకు అనుబంధాలుగా జరుపవలెనని ఆర్వెల్ తన చివరి సంవత్సరాలలో కోరినాడు. 1986లో వెలువడిన సమగ్ర రచనల ముద్రణలో సంపాదకుడు పీటర్ డేవిసన్ ఆ కోరికను నెరవేర్చినాడు. నేడు చాలామంది పాఠకులు చదివేది ఈ మార్చిన రూపమే. అనుబంధాన్ని ఎంతమంది చదువుతారో అనుభవజ్ఞులకు చెప్పనక్కరలేదు.

రచయిత కోరికను శిరసావహించుట సంపాదకుని ధర్మం, దానిని తప్పుపట్టరాదు. అయితే విమర్శకుని ధర్మం వేరు. ఇక్కడ ఆర్వెల్ మాటకు ఆర్వెల్ మాటయే అడ్డు నిలుస్తున్నది. తాను ఎందుకు వ్రాస్తున్నదీ వివరిస్తూ 1946లో ప్రకటించిన వ్యాసంలో ఈ పత్రికల అధ్యాయాన్ని అతడు ప్రత్యేకంగా పేర్కొన్నాడు. అది గ్రంథాన్ని పాడుచేస్తుందని తనకు తెలుసుననీ, అయినా నిర్దోషులపై అపనింద పడుతున్నదని తెలిసిన కొద్దిమందిలో తాను ఒకడైనందున దానిని వ్రాయక తప్పలేదనీ, ఆ ఆగ్రహమే లేకుంటే అసలు గ్రంథమే వ్రాసి ఉండననీ ఒప్పుకున్నాడు. గ్రంథానికి మూలకారణమని రచయిత స్వయంగా చెప్పిన భాగాన్ని గ్రంథం వెలుపలికి నెట్టుట, వృక్షాన్ని నిలిపి వేరును పక్కన పెట్టుట వంటిది. శిల్పం చెడుతున్నదని అతడు తరువాత భావించి ఉండవచ్చును. కాని ఔచిత్యమే కావ్యానికి ప్రాణమని క్షేమేంద్రుడు చెప్పిన మాట ఇక్కడ స్మరింపదగినది. ఒక భాగం అందంగా ఉన్నదా అని గాక, ఉండవలసిన చోట ఉన్నదా అని అడిగితే, ఆ అధ్యాయాలు తమ పూర్వస్థానంలోనే ఉచితమైనవి. కందకంలోని సైనికుడు పార్టీల పేర్ల మీద మొదట విసుగుకొన్నాడు. అదే విసుగు పాఠకునికి కూడా ఐదవ అధ్యాయంలో కలుగుతుంది. ఆ పేర్లే తరువాత స్నేహితుల ప్రాణాలు తీసినవని తెలిసినప్పుడు, విసుగుకొన్నందుకు సిగ్గు కలుగుతుంది. ఈ అనుభవక్రమమే గ్రంథం ఇచ్చే విద్య. అధ్యాయాలను తొలగించితే పాఠకుడు సుఖంగా చదువుతాడు గాని, ఆ విద్యను కోల్పోతాడు.

దీనికి ఒక గట్టి ఆక్షేపణ ఉన్నది. పాల్ ప్రెస్టన్ వంటి స్పెయిన్ చరిత్రకారులు, ఆర్వెల్ ఒక చిన్న మూలనుండి మాత్రమే యుద్ధాన్ని చూచినాడనీ, రిపబ్లిక్ ప్రభుత్వం ఎదుర్కొన్న కష్టాలను అర్థం చేసుకొనలేదనీ, అతని గ్రంథాన్ని మొత్తం యుద్ధచరిత్రగా చదువుట ప్రమాదమనీ అన్నారు. ఇందులో సత్యం కలదు. అతడు మాడ్రిడ్ ముట్టడిని చూడలేదు. కాటలాన్ భాష రాదు, స్పానిష్ కొద్దిగా వచ్చును. అతని స్పెయిన్ ప్రజలు ఉదారులు, అమాయకులు, సమయపాలన లేనివారు. ఒక్కొక్కరు విడిగా మనస్సు గల పాత్రలుగా నిలిచినవారు తక్కువ. స్త్రీలు దాదాపు నీడలే. స్వయంగా బార్సిలోనాలో ఉండి పనిచేసిన భార్య ఐలీన్ పేరు కూడా ఆ పుటలలో కనబడదు. ఇవి నిజమైన లోపాలు. అయితే తన పక్షపాతాన్నీ, తాను చూచిన మూల ఎంత ఇరుకైనదో దానినీ గమనించుకొనవలెనని గ్రంథం చివర రచయితయే పాఠకుని హెచ్చరించినాడు. దివ్యదృష్టి ఉన్నదని చెప్పుకొనే సంజయుని కంటె, తనకు అది లేదని చెప్పే సాక్షిని నమ్ముట సులభం. మొత్తం యుద్ధచరిత్రకు ఇతర గ్రంథాలు ఉన్నవి. ఒక నిర్దిష్టమైన అపనింద అబద్ధమని చూపుటకు ఆ మూలలో ఉన్నవాని సాక్ష్యమే కావాలి.

కాలం ఆ సాక్ష్యాన్ని బలపరచినది. 1938 అక్టోబరులో పౌమ్ నాయకులపై జరిగిన విచారణలో గూఢచర్యపు నేరం నిలువలేదు. మే తిరుగుబాటుకు మాత్రం శిక్షలు పడినవి. సోవియట్ యూనియన్ పతనానంతరం వెలుగుచూచిన పత్రాలు, నిన్ హత్య సోవియట్ రహస్య పోలీసుల పని అని స్పష్టపరచినవి. ఆర్వెల్ దంపతులపై 1937 జూలై 13వ తేదీతో వలెన్సియాలోని గూఢచర్య, రాజద్రోహ న్యాయస్థానం కోసం తయారైన నేరారోపణ పత్రం కూడా తరువాత బయటపడినది. అప్పటికి వారు సరిహద్దు దాటి మూడు వారాలు అయినది. తనపై అటువంటి కాగితం ఉన్నదని తెలియకుండానే ఆర్వెల్ మరణించినాడు.

స్పెయిన్ యుద్ధం గురించి అతడు తరువాత వ్రాసిన వ్యాసంలో మరియొక ఘట్టం ఉన్నది. ఎదుటి కందకం నుండి ఒక సైనికుడు రెండు చేతులతో జారిపోతున్న లాగును పట్టుకొని పరుగెత్తినాడు. ఆర్వెల్ కాల్చలేదు. ఫాసిస్టులను కాల్చుటకు వచ్చినవానికి, లాగు పట్టుకొని పరుగెత్తేవాడు ఫాసిస్టుగా కనబడలేదు. ఈ ఘట్టాన్నీ, పత్రికల అధ్యాయాన్నీ పక్కపక్కన పెట్టి చూడదగును. శత్రువును మనిషిగా చూచినందువలన అతడు తుపాకి దించినాడు. మిత్రులను దేశద్రోహులుగా చిత్రించినందువలన కలం ఎత్తినాడు. రెండూ ఒకే దృష్టినుండి వచ్చిన క్రియలు.

స్వచ్ఛంద సైనికుని జీవితం తుపాకి అప్పగించిన నాడు ముగియదు. యుయుత్సుడుగా వచ్చినవాడు సంజయుడుగా తిరిగి పోవలసి ఉన్నది. లేకుంటే అతని రాక సగమే నెరవేరుతుంది. ఈ ఉత్తరార్ధాన్ని నెరవేర్చినందుననే ఈ గ్రంథం స్పెయిన్ యుద్ధంపై వచ్చిన పెక్కు రచనల నడుమ నిలిచి ఉన్నది. నేటి ముద్రణను చేతబట్టిన పాఠకులకు ఒక సూచన. నాలుగవ అధ్యాయం ముగియగానే గ్రంథం చివరకు పోయి మొదటి అనుబంధం చదివి రండి. బార్సిలోనా వీధి పోరాటం చదివిన వెంటనే రెండవది చదవండి. కొంత శ్రమ కలుగును. కాని ఆ శ్రమకు ఫలం, ఇరుకైన కార్యాలయంలో ఆ చిన్న అధికారి చాచిన చేయి వద్ద దొరకుతుంది.